ఈశాన్యం మూలలో కడ్డీ

పోయినవారం చదివినవాళ్లకి కోపం ఇంకా చల్లారి ఉండదు. నాకూ చల్లారలేదు. చదవనివాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్తాను, వినండి.

నా పేరు జ్ఞానసుందరి. విజయనగరంలో ఓ ప్రైవేటు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. సైన్స్ డే నాడు, ఓ శనివారం, మా కొత్త హాల్లో పిల్లలకి చిన్న టెస్లా కాయిల్ చూపించేను. మూరెడు ప్లాస్టిక్ గొట్టానికి సన్నటి రాగి తీగ చుట్టి, పైన స్టీలు బంతి పెట్టిన సామాను అది. స్విచ్చి వేస్తే బంతి మీంచి జానెడు మెరుపులు లేస్తాయి. ట్యూబులైటు దగ్గరికి తెస్తే తీగా గీగా లేకుండానే వెలుగుతాది. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేరు. నేను స్విచ్చి ఆపేసేను, చప్పట్లు కొట్టేరు, అంతా అయిపోయింది. అప్పుడు తొమ్మిదో తరగతి బిందు దాహమేసి హాలు గుమ్మం పక్కనున్న వాటర్ కూలర్ దగ్గరికెళ్లి చెయ్యి వేసింది. వేసిన చెయ్యి వేసినట్టే విసిరికొట్టేసినట్టు వెనక్కి పడింది. రెండు వేళ్లు కాలేయి. మెట్టు అంచు తగిలి తల పగిలింది. సాలూరులో లారీ తోలే నూకయ్య కూతురది, మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది.

కూలర్ ప్లగ్గు పీకేసి, పిల్లని ఆటో ఎక్కించి పంపి, మళ్లీ స్టేజీ తెర వెనక్కి వెళ్లి చూద్దును కదా, నా ఎర్త్ తీగ నేను కట్టిన చోట లేదు.

ఇది కొంచెం ఓపిగ్గా వినాలి. కాయిల్ కింది కొస భూమిలోకి వెళ్లాలి. గోడ ప్లగ్గులో ఉండే ఎర్త్‌కి కాదు, దానికంటూ విడిగా ఓ భూమి కావాలి. ఆ కరెంటు మామూలు కరెంటు కాదు, క్షణంలో లక్షలసార్లు ఊగే కరెంటు. దాన్ని తెచ్చి బిల్డింగు ఎర్త్‌లో వదిలేమంటే, ఆ ఎర్త్‌కి కట్టిన ప్రతి మోటారు వొంట్లోకీ, ప్రతి కంప్యూటరు వొంట్లోకీ దూరిపోతాది. అంచేత శుక్రవారం సాయంత్రం హాలు కిటికీ అవతల తడి మన్నులో నిలువెత్తు ఇనప కడ్డీ దగ్గరుండి దిగ్గొట్టించేను. ఉప్పునీళ్లు పోయించేను. అక్కణ్ణుంచి రాగి పట్టీ కిటికీలోంచి లాగి కాయిల్‌కి నా చేత్తో బిగించేను. శనివారం పొద్దున్న కాయిల్ దగ్గర బిగింపు చూసుకున్నాను కూడా. కిటికీ అవతల కడ్డీని ఎవడు పీకుతాడనుకుంటాను? పీకేరు. పట్టీని లోపలికి లాగి, తెర వెనకున్న ప్లగ్గు సాకెట్టులో ఎర్త్‌కి కలిపేసేరు.

ఎవరు కలిపేరన్న దగ్గర పోయినవారం ఆగేం.

శనివారం సాయంత్రమే మా కరస్పాండెంట్ చంద్రమౌళి గారు నన్ను రూములోకి పిలిచేరు. తాతలనాటి పప్పుల హోల్‌సేల్ వ్యాపారం వాళ్లది. మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటాది. కాఫీ తెప్పించేరు. సోమవారం పదింటికి హాల్లో తల్లిదండ్రుల మీటింగు పెట్టేననీ, బిందు తండ్రి కూడా వస్తాడనీ, అందరి ముందూ నేనే లేచి నా పొరపాటు వల్ల జరిగిందని ఒక్కమాట అనేస్తే చాలుననీ, మిగతాది తను చూసుకుంటాననీ అన్నారు. స్కూలు పేరు చెడితే ఇంతమంది టీచర్ల అన్నం పోతుంది కదా మేడమ్ అన్నారు. నా అన్నం సంగతి ఆయన ఎత్తలేదు. ఆ ఒక్కమాట నేనంటే ఇంక ఈ ఊళ్లో ఏ బడీ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. పిల్లని కాల్చేసిన టీచరు అని నా వెనక వేలెత్తి చూపిస్తారు, చచ్చేవరకూ. చూస్తానండీ అని కాఫీ తాక్కుండా వచ్చేసేను.

ఆదివారం చర్చిలో కూచున్నానే గాని పాస్టరుగారు చెప్పిన వాక్యం ఒక్కటీ చెవికెక్కలేదు. ఆరాధన అవగానే ఇంటికెళ్లకుండా నేరుగా బడికి పోయేను. గేటు పక్క గదిలో ఆయా సూర్యకాంతం ఉంటాది. బడి ఊడ్చేది, గంట కొట్టేది, గేటు తాళం వేసేది అన్నీ అదే. దానికి తెలీకుండా ఆ ఆవరణలో ఆకు రాలదు. చేటలో బియ్యం చెరుగుతోంది. శుక్రవారం నేను వెళ్లిపోయేక హాలు దగ్గరికి ఎవరొచ్చేరే అని అడిగేను. చేట పక్కన పెట్టి, గేటు వైపు ఓసారి చూసుకుంది. తర్వాత చెప్పింది.

శుక్రవారం దీపాలవేళ చంద్రమౌళి గారు సిద్ధాంతిగారిని తీసుకొచ్చేరట, హాలు ఎలా ఉందో చూపిద్దామని. ఆయన చుట్టూ తిరిగి కిటికీ దగ్గర ఆగిపోయేరట. ఈశాన్యం మూల, దేవుడి మూల, ఇక్కడ ఇనుము దిగ్గొట్టిందెవరయ్యా, యజమాని కళ్లకి కీడు అన్నారట. మా కరస్పాండెంటుకి వచ్చేవారం శుక్లాల ఆపరేషను. ఇంకేముంది, పైప్రాణాలు పైనే పోయేయి. అప్పటికప్పుడు ఫోను చేసి మనిషిని రప్పించి కడ్డీ పీకించేసేరు. గొయ్యిలో పసుపునీళ్లు కూడా పోయించేరట.

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఒక్కమాట నాకు చెప్తే వేరే మూల కొట్టుకునేదాన్ని. ఏ దిక్కున ఉన్నా భూమి భూమే. నాకు చెప్పడమెందుకు, నేను ఆ శాస్త్రం తెలీని ఇంట్లో పుట్టినదాన్ని కదా.

కడ్డీ పీకిందెవరే అని అడిగేను.

"మీ తమ్ముడే కదమ్మా," అంది సూర్యకాంతం. "ఎజ్రాబాబు. మీకు సెప్పేడనుకున్నాను."

మా ఎజ్రా వైరింగు కాంట్రాక్టరు. మా అమ్మ పోయినప్పుడు వాడికి పదేళ్లు. ఫ్యూజు కట్టడం వాడికి నేర్పింది నేను. ఐటీఐలో చేర్పించింది నేను. ఈ బడి కడుతున్నప్పుడు మా తమ్ముడున్నాడండీ, పని నమ్మకంగా చేస్తాడు అని చంద్రమౌళి గారి దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిందీ నేనే. పొద్దున్న చర్చిలో మగాళ్ల వైపు ముందు వరసలో కూచుని పాటలు పాడేడు. బిందు కోసం ప్రార్థన చెయ్యమని పాస్టరుగారు అడిగినప్పుడు అందరికంటే ముందు మోకాళ్లు వేసేడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. యెహోవా మాత్రం ఏం పట్టేడు గనక.

ఫోను చేసి, టెస్ట్ ల్యాంపు పట్టుకుని బడికి రారా అన్నాను. ఎందుకప్పా అన్నాడు, మావైపు అక్కని అప్ప అనే పిలుస్తాం. రా అన్నాను. చర్చి చొక్కా మార్చుకోకుండానే స్కూటరు మీద వచ్చేడు. కడ్డీ సంగతి అడిగితే దాచలేదు. అయ్యగారు పీకమన్నారు, పీకేను, పట్టీ గాల్లో వేలాడితే బాగోదని సాకెట్టు ఎర్త్‌కి కలిపేను, ఏ ఎర్తయితే ఏటప్పా అన్నాడు. నాకెందుకు చెప్పలేదు అంటే, రాత్రి పూట నిన్ను లేపడమెందుకులే అనుకున్నానన్నాడు.

సరే, అజ్ఞానం అనుకుందాం. కాయిల్ సంగతి వాడికి తెలీదు. కాని నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. బిందు కూలర్ ముట్టుకునే సరికి కాయిల్ ఆపేసి ఉంది. కాయిల్ కరెంటు మోటారు చుట్టల్లోకి దూరి తీగల మీది ఇన్సులేషను పూత తినేసి ఉంటాది, అందుకు నా తీగ కారణమే, సరే. కాని అలా తినేసినప్పుడు మామూలు కరెంటు కూలర్ వొంటి మీదికి వచ్చిన మరుక్షణం ఎర్త్‌లోకి దూకి స్విచ్చి టక్కున పడిపోవాలి. ఎర్త్ ఉండేదే అందుకు. మరి పడలేదేం?

ల్యాంపు పెట్టి చూపించరా అన్నాను. హోల్డరుకి రెండు తీగలు కట్టిన బల్బు అది, వైరింగు చేసే ప్రతివాడి సంచిలోనూ ఉంటాది. ఒక తీగ కరెంటు కన్నంలో, రెండోది ఎర్త్ కన్నంలో పెడితే బల్బు ఫెళ్లున వెలగాలి. వాడు సంచి తిప్పేడు, జేబులు తడుముకున్నాడు, చివరికి పెట్టేడు. బల్బు మిణుక్కుమనలేదు.

"బల్బు పోయినట్టుందప్పా," అన్నాడు.

నేను ఎర్త్ కన్నంలో తీగ లాక్కుని న్యూట్రల్‌లో, అంటే కరెంటు తిరిగెళ్లే కన్నంలో, పెట్టేను. కళ్లు చెదిరేలా వెలిగింది. మళ్లీ ఎర్త్‌లో పెట్టేను. ఆరిపోయింది. ఇంకో సాకెట్టు, ఆ పక్క గదిలో ఇంకోటి, కంప్యూటర్ల గదిలో ఇంకోటి. ఎక్కడ పెట్టినా అంతే. వాడు నా వెనకాలే తిరిగేడు.

ఆవరణలో ఉత్తరపు గోడ వారన, ఈశాన్యం కొసకి, ఎర్త్ గొయ్యి ఉంది, ఆకుపచ్చ మూతతో. సూర్యకాంతం ప్రతి శుక్రవారం తలంటుకుని బకెట్టుడు ఉప్పునీళ్లు అందులో పోస్తాది. దసరాకి ఆయుధపూజనాడు చంద్రమౌళి గారు స్వయంగా ఆ మూతకి బొట్టు పెట్టి నిమ్మకాయ కోస్తారు. మూత తియ్యరా అన్నాను. వద్దప్పా, తేళ్లుంటాయి అన్నాడు. నేనే తీసేను. లోపల సిమెంటు ఒర, మధ్యలో పైపు మూతి, దానికి బిగించిన ఇనప పట్టీ. చూడ్డానికి ఏ లోటూ లేదు. పైపు పట్టుకుని ఊపేను. పాలపన్నులా కదిలింది. గట్టిగా లాగితే నా చేతిలోకి వచ్చేసింది, మూరెడు ముక్క. దాని కింద సిమెంటు గడ్డ. గడ్డ కింద రాయి. అంతే.

రెండు నిలువుల లోతు తవ్వి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ పోసి కప్పాల్సిన గొయ్యి అది. మూడంతస్తుల బడి, అన్ని గదుల ఎర్త్ తీగలూ ఒకదానికొకటి కట్టుకుని, అన్నీ కలిసి వచ్చి ఈ మూరెడు గొట్టానికి వేలాడుతున్నాయి. కాయిల్ నుంచి దూకిందంతా భూమి ఏదీ అని వెతుక్కుని, దొరక్క, కూలర్ మోటారుని తినేసింది, ఆ పైన మామూలు కరెంటు కూడా పోయే దారి లేక కూలర్ వొంటి మీదే కూచుంది. ఇన్నేళ్లూ సూర్యకాంతం ఉప్పునీళ్లు పోసింది రాయికి.

అప్పుడు చెప్పేడు. బడికి మూడు పక్కలా రోడ్డూ ఇళ్లూ, ఖాళీ ఉన్నది ఈ ఒక్క పక్కే. ఇక్కడ అంత లోతు తవ్వి ఇనుమూ బొగ్గూ కప్పెడితే ఈశాన్యానికి దోషమని అప్పటి సిద్ధాంతి అన్నాడట. చంద్రమౌళి గారు తవ్వనివ్వలేదట. తనిఖీకొచ్చినాయన మూత తీసి పైపు మూతి చూస్తాడు గాని పీకి చూడడు కదా, అలా కానిచ్చేయమన్నారట. వీడు కానిచ్చేసేడు. సంచి భుజానికి తగిలించుకుని, నేల చూపులు చూస్తూ, ఇన్నేళ్లు ఏటీ అవలేదు కదప్పా అన్నాడు.

ఏమీ అవలేదట. ఆ కూలర్ ముట్టుకుంటే ఎప్పుడైనా జిల్లుమంటాదని పిల్లలు నవ్వుకోవడం నేను వినలేదా? తడి చేతుల్తో ముట్టుకుంటన్నారని వాళ్లనే కసిరేను కదా, టీచరమ్మని.

కోపంలో నోటికొచ్చింది అడిగేను. వాడి కూతురు శాంతి మా బడిలోనే ఆరో తరగతి.

"ఒరే, నీ పిల్ల కూడా ఆ కూలర్ దగ్గరే తాగుతాది కదరా. దాని మీదయినా బెంగ లేదేటిరా నీకు?"

వాడు తలెత్తేడు. నన్ను ఓదారుస్తున్నట్టుగా, మెల్లిగా చెప్పేడు.

"ఉన్నాదప్పా. అందుకే దానికి ఇంటికాడ నుంచి సీసా ఇచ్చి పంపుతన్నాను. మొదట్నుంచీ సెప్పేను దానికి, ఆ కూలర్ ముట్టొద్దని."

నాకు కాసేపు వినబడింది అర్థం కాలేదు. అర్థమయ్యేక ఆ మాట మళ్లీ అనమని అడగాలనిపించింది, ఎందుకంటే నేను తప్పు విని ఉంటాను, మా అమ్మ కడుపున పుట్టినవాడు అలా అనడు అనుకున్నాను. కాని అన్నాడు. అన్నది తప్పని కూడా వాడికి తోచలేదు, మంచి తండ్రిని అని చెప్పుకుంటున్నాడు. తెలీక చేసినవాణ్ణి తిట్టొచ్చు, కొట్టొచ్చు, మళ్లీ అన్నం పెట్టొచ్చు. వీడికి తెలుసు. రోజూ పొద్దున్న సీసాలో నీళ్లు పోసినప్పుడల్లా తెలుసు. తన పిల్ల ఒక్కర్తికీ సీసా ఇచ్చి, ఊరి పిల్లలందర్నీ ఆ కూలర్‌కి వదిలేసేడు. అసహ్యం వేసింది నాకు. తమ్ముడి మీద అసహ్యం వెయ్యడం ఎలా ఉంటాదో అంతవరకూ నాకు తెలీదు.

వాడు ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు. ఇది బయటికొస్తే లైసెన్సు పోతాదనీ, పోలీసులు తీసుకెళ్తారనీ, అయ్యగారిని ఎవరూ ఏమీ అనరనీ, పోయేది తనేననీ అన్నాడు. నువ్వయితే టీచరువి, ఆడదానివి, ఒక్కమాట నీ మీద వేసుకుంటే నాలుగు రోజులు అనుకుని మర్చిపోతారు, కడుపు చించుకుంటే మన కాళ్ల మీదే పడతాది కదప్పా అన్నాడు. అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. నేను విడిపించుకున్నాను.

చివరికి ఒక్కటే చెప్పేను. రేపు పదింటికి మీటింగులో నువ్వే లేచి గొయ్యి సంగతి చెప్పు, చెప్తే నీ పక్కన నేను నిలబడతాను, జైలుకి తీసుకెళ్తే అన్నం క్యారియరు పట్టుకుని నేనొస్తాను. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. వాడు సరే అప్పా అని తలూపేడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగేయి. నేను నమ్మేను. పైపు ముక్క ఒరలో పెట్టేసి మూత వేసి ఇంటికెళ్లిపోయేను. ఎంత తెలివితక్కువదాన్ని చూడండి.

సోమవారం తొమ్మిదిన్నరకి వెళ్లేసరికి ఆకుపచ్చ మూత లేదు. ఆ చోట తడి సిమెంటు, దాని మీద క్రోటన్ మొక్క కుండీ. సూర్యకాంతం నన్ను చూసి గదిలోకెళ్లి తలుపేసుకుంది.

హాలు నిండిపోయింది. గుమ్మం దగ్గర చెప్పులు గుట్టగా ఉన్నాయి, స్టేజీ మీద సరస్వతి పటం ఉంటాది కనక అందరూ విప్పే లోపలికొస్తారు. నేల అప్పుడే తుడిచేరు, ఇంకా ఆరలేదు. ముందు వరసలో బిందు తండ్రి నూకయ్య, తల్లి కూచున్నారు. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, ఆవిడ జడ కూడా వేసుకోలేదు. నేను వాళ్ల దగ్గరికెళ్లి బిందు ఎలా ఉందని అడిగేను. మాట్లాడుతోంది గాని ఆ వేళ్లు ముడవలేకపోతోంది మేడమ్ అన్నాడాయన. వాళ్లకి ఎదురుగా కూచునే ధైర్యం లేక గోడ వారకి వెళ్లి నిలబడ్డాను.

చంద్రమౌళి గారు మైకు పట్టుకుని చాలాసేపు బాధపడ్డారు. ఆసుపత్రి భారమంతా యాజమాన్యానిదే అన్నారు. తర్వాత, అసలు ఏం జరిగిందో మనం కాదు, తెలిసినవాళ్లు చెప్పాలి, ఈ బిల్డింగు వైరింగు చేసిన లైసెన్సు కాంట్రాక్టరుని పిలిపించేను, ఆయన ఎవరో కాదు, మన సుందరి మేడమ్‌కి సొంత తమ్ముడు, అక్కగారి మీద అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆయనకి లేదు అన్నారు.

ఎజ్రా లేచేడు. నిన్నటి చొక్కానే. వాడు నా వైపు చూస్తాడని నేను వాడి వైపే చూస్తన్నాను. చూడలేదు.

"బడి ఎర్త్ దివ్యంగా ఉన్నాదండి," అన్నాడు మైకులో. "నేనే పెట్టేను. మా అప్ప ఆ మిషను తీగ తప్పుగా కలిపింది. అందువల్లే పిల్లకి తగిలింది. ఇప్పుడు కూలర్‌కి ఏటీ లేదు, భయపడాల్సిన పని లేదు."

హాలంతా తలలు నా వైపు తిరిగేయి. వెనక వరసలో ఎవరో ఛీ అన్నారు. నాకు ఏడుపు రాలేదు. వాడిచేత ఆ మాటలు రాత్రి ఎవరో బట్టీ వేయించేరని తెలుస్తూనే ఉంది. ఫిజిక్స్ చెప్పగలను, సిమెంటు కింద ఏముందో చెప్పగలను, కాని లైసెన్సున్నవాడు, అదీ నా తోడబుట్టినవాడు లేదన్నాక నా మాట ఎవరు వింటారు?

నూకయ్య లేచి నిలబడ్డాడు. గొంతు పెద్దది చెయ్యలేదు.

"మేడమ్, మీరు సెప్పండి. నా పిల్ల సెయ్యి ఎవులు కాల్సేరు?"

నేను తమ్ముడి వైపు తిరిగేను.

"ఒరే ఎజ్రా. బైబిలు మీద ప్రమాణం అక్కర్లేదు. ఆ కూలర్ మీద చెయ్యేసి, ఇప్పుడన్నది మళ్లీ అను."

వాడి మొహం పాలిపోయింది. ఈ బడిలో ఆ మాటకి అర్థం తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ వాడూ. చంద్రమౌళి గారికి తెలీదు. ఎర్త్ అంటే తనిఖీవాళ్ల కోసం పెట్టే బొమ్మ అని ఆయన మనస్ఫూర్తిగా నమ్మేరు. ఓస్ అంతేనా అన్నట్టు నవ్వేరు. తప్పకుండా మేడమ్, అందరి ముందూ తేలిపోతుంది అంటూ ఆయనే గుమ్మం దగ్గరికెళ్లి ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసేరు. కూలర్ గుర్రుమంది. వెళ్లవయ్యా ఎజ్రా అన్నారు.

వాడు కదిలేడు. రెండో వరస దాకా వస్తాడు, ఆగిపోతాడు, ఏడుస్తాడు, చెప్పేస్తాడు అనుకున్నాను. నేను ఆ మాట అన్నది అందుకే. ప్రాణం కంటే ఎవడికైనా అబద్ధం ఎక్కువవుతాదా? కాని ఆగలేదు. మొండితనం మా ఇంటి రోగం. ఒట్టి కాళ్లతో, తడి నేల మీద, ఒక్కో వరసా దాటుకుంటూ పోతన్నాడు. ఇప్పుడు మాత్రం నన్నే చూస్తన్నాడు. ఆపవే అని అడుగుతున్నాడో, అప్ప ఆపకుండా ఉండదులే అని ధీమాగా ఉన్నాడో ఆ చూపులో నాకు తేలలేదు.

హాలు మెయిన్ స్విచ్చి నా వీపు వెనక గోడకే ఉంది. చెయ్యెత్తితే అందుతాది. దింపేనంటే ఫ్యాన్లతో పాటు కూలరూ ఆగుతాది, కరెంటు పోయిందనుకుంటారు. వాడు కూలర్ మీద చెయ్యి పెట్టి నవ్వుతాడు. చూసేరా, ఏటీ లేదంటాడు. నూకయ్య నమ్ముతాడు, అందరూ నమ్ముతారు, రేపట్నుంచి పిల్లలు మళ్లీ దానికింద దోసిళ్లు పడతారు. దింపలేదంటే నిజం అందరి కళ్ల ముందూ తేలుతాది. నా తమ్ముడి వొంటి మీద తేలుతాది.

వాడు కూలర్ దగ్గర ఆగేడు. కుడిచెయ్యి చొక్కాకి తుడుచుకుని పైకెత్తేడు.

నా చెయ్యి స్విచ్చి మీద ఉంది. నేనింకా దింపలేదు.